బయటివాళ్ళు లేరు

ఆ ఫారంలో ఏడో ప్రశ్న దగ్గర నేను నవ్వుకున్నాను. ఆ నవ్వు గుర్తొస్తే ఇప్పటికీ నా చెవులు వేడెక్కుతాయి.

'రికార్డింగ్ జరిగిన ఏడు రోజుల్లో ఇంట్లో బయటివాళ్ళు ఎవరైనా ఉన్నారా?' అన్నది ప్రశ్న. అప్పటికి నా పెళ్ళయి నలభై నాలుగు రోజులు. కాలి మెట్టెలు ఇంకా కొత్తవి. ల్యాబ్ గచ్చు మీద అవి టక్కుటక్కుమనడం వినడానికి, పని లేకపోయినా ప్రింటర్ దాకా నడిచి వచ్చేదాన్ని. బాత్‌రూమ్ గ్లాసులో ముకుంద్ బ్రష్షు పక్కన నా బ్రష్షు చూసుకుని రోజూ పొద్దున ఒకసారి మురిసిపోయేదాన్ని. అలాంటిదాన్ని పట్టుకుని ఇంట్లో బయటివాళ్ళున్నారా అని అడిగితే ఏం రాస్తాను? 'లేరు' అని రాశాను. కింద గీత కూడా గీశాను.

మాది హైదరాబాదులో మెదడు మీద పరిశోధన చేసే చిన్న ల్యాబ్. మా పెద్దావిడ డాక్టర్ తస్నీమ్. రెండు భాషలు వచ్చిన మనిషి తలకు మెదడు కదలికలు చదివే మా టోపీ పెట్టి పిల్లి బొమ్మ చూపిస్తే, తెర మీద రెండు చుక్కలు ఒకేసారి వెలుగుతాయి. రెండు భాషల్లోని రెండు పేర్లూ లేచి నిలబడతాయన్నమాట. రెప్పపాటులో మూడో చుక్క ఒకటి వచ్చి, అందులో ఒకదాన్ని అణిచి కూర్చోబెడుతుంది. రెండోది నోట్లోంచి బయటికొస్తుంది. మనం ఒక భాష మాట్లాడుతున్నంతసేపూ మెదడు ఇంకోదాన్ని అలా ఆపుతూనే ఉంటుంది. ఆ మూడో చుక్కకు మేం 'కండక్టర్' అని పేరు పెట్టుకున్నాం.

"ఫుట్‌బోర్డు మీదికి ఇద్దరు ఒకేసారి ఎక్కితే ఒకర్ని ఆపేటోడు. వాడు లేకపోతే ఇద్దరూ తలుపుల ఇరుక్కుంటరు" అని తస్నీమ్ మేడమ్ వచ్చినవాళ్ళందరికీ చెప్పేది.

పక్షవాతం వచ్చి ఆ కండక్టర్ పడిపోయినవాళ్ళు మా దగ్గరికి వచ్చేవారు. మాటలన్నీ లోపలే ఉంటాయి, ఒక్కటీ బయటికి రాదు. మా టోపీ మనిషి చెవికి అందని ధ్వనితో ఒక భాష దారుల్ని నిద్రపుచ్చుతుంది. రోజుకు అరగంట, ఇరవై ఒక్క రోజులు. ఇరుకు పోయి, రెండో భాష హాయిగా నడిచొస్తుంది. అలా పదకొండు మందికి మాట తెప్పించాం. రెండు భాషలతో మూగగా ఉండేకన్నా ఒక్క భాషతో బతకడం మేలని వాళ్ళూ, వాళ్ళ ఇళ్ళవాళ్ళూ ఒప్పుకునే వచ్చారు. ఏ భాషను ఉంచాలన్నది తేల్చడానికే ఆ ఏడు రోజుల రికార్డింగ్. రోగి చొక్కాకు గుండీ అంత మైకు తగిలిస్తాం. అది మాటల్ని దాచుకోదు. చుట్టూ ఏ భాష ఎంతసేపు నడిచిందో మాత్రం చూసుకుంటుంది.

పన్నెండో మనిషి మా మామయ్య.

మామయ్య పేరు నామదేవ్. కాచిగూడలో ఆడవాళ్ళ బట్టలు కుట్టే దర్జీ. ఇంటి ముందు గదే దుకాణం. కటింగ్ బల్లకు ఇవతల ఆయన, అవతల మా అత్తమ్మ గోదావరీబాయి. ఆయన కత్తిరిస్తే ఆమె కాజాలు తీసేది, అంచులు కుట్టేది. నాలుగు తరాల కిందట మరాఠీ నేల నుంచి వచ్చి స్థిరపడ్డ కుటుంబం. ఇంట్లో మరాఠీ, గిరాకీతో తెలుగు. మా ఆయన ముకుంద్ మెట్రో రైలు నడుపుతాడు. నేను హనుమకొండ పిల్లని. నాకు మరాఠీలో ఒక్క ముక్క రాదు.

రావలసిన అవసరమూ కలగలేదు. నేను గదిలోకి అడుగు పెడితే చాలు, స్విచ్ వేసినట్టు మాట మధ్యలోనే తెలుగులోకి మారిపోయేది. అత్తమ్మ ఏదో అంటూ అంటూ నన్ను చూసి, "...ఇగో, వచ్చింది మహరాణి. వంకాయ కొయ్యమంటే చెక్క కోసినట్టు కోసింది. ల్యాబుల గిదేనా నేర్పింది?" అని పూర్తి చేసేది. మామయ్య బల్ల వెనకాల నుంచి లేచి, "కూర్చోండమ్మా, నిలబడ్డరేంది" అని స్టూలు జరిపేవాడు. కోడలికి అంత మర్యాద ఎవరిస్తారు? ఫోన్లో మా అమ్మకు ఇదే వంద సార్లు చెప్పాను.

"నాకు మీ భాష నేర్పు" అని ముకుంద్‌ను అడిగితే, "ఫీజు కట్టాలె మరి" అనేవాడు.

"ఏం ఫీజు?"

"నా గురకను గురక అనొద్దు."

"మరేమనాలె? మెట్రో హారనా?"

ఇలా గడిచిపోతున్న ఇరవై రెండో రోజు, మామయ్య బల్ల మీద బట్ట పరుస్తూ పక్కకు ఒరిగిపోయాడు. పది రోజులు ఆసుపత్రి. ఇంటికొచ్చేసరికి కుడి చెయ్యి బలహీనపడింది, మాట మొత్తం పోయింది. ఏం చెప్పబోయినా "అ... అ..." దగ్గరే ఆగిపోయేవాడు. రెండు కళ్ళూ నీళ్ళతో నిండేవి.

అత్తమ్మ నా రెండు చేతులూ పట్టుకుంది. "బిడ్డా, నువ్వు చదువుకున్నదానివి. నీ ల్యాబుల ఏదో చేస్తరట గద. నాకేం తెల్వదు. నువ్వు ఏమంటే అదే."

నేను సెలవు పెట్టి ఇంట్లోనే ఉన్నాను. మైకు ఆయన చొక్కాకు తగిలించింది నేనే. ఫారంలో ఏడో ప్రశ్న ఎందుకుందో నాకు బాగా తెలుసు. ఇంట్లో కొత్త మనిషి ఉంటే అందరూ ఆ మనిషికి తెలిసిన భాషలోకి మారతారు, అప్పుడు లెక్క చెడుతుంది. వచ్చినవాళ్ళకు ఈ సంగతి విడమరిచి చెప్పడం నా ఉద్యోగంలో భాగం.

ఐదో రోజు సాయంత్రం నేను వంటింట్లో చాయ్ పెడుతున్నాను. గోడ అవతల నుంచి అత్తమ్మ గొంతు వినిపించింది. ఆ గొంతును అంతకుముందు నేను వినలేదు. వేగంగా, ఆపకుండా, మధ్యలో తిడుతూ, మధ్యలో నవ్వుతూ మరాఠీలో మాట్లాడుతోంది. మామయ్య "అ... అ..." అంటున్నాడు కానీ, ఆ అనడంలో ఎక్కడ అవునో, ఎక్కడ కాదో, ఎక్కడ 'నోర్ముయ్యి' అనో నాకే తెలిసిపోతోంది. నలభై ఏళ్ళ కాపురం ఆ గోడ అవతల జరుగుతోంది. చాయ్ పొంగి పొయ్యి మీద పోయేదాకా నేను కదల్లేదు.

నాకు అప్పుడే తెలిసింది. తెలియలేదని చెప్పుకోవడానికి చాలా రోజులు ప్రయత్నించాను. తెలిసింది.

కప్పులు పళ్ళెంలో పెట్టుకుని వెళ్ళాను. నా మెట్టెల చప్పుడు వినగానే అత్తమ్మ ఆగిపోయింది. కొంగుతో కళ్ళు తుడుచుకుని, "అయ్యో, నువ్వెందుకు తెచ్చినవ్ బిడ్డా, నేనే వస్తుంటి గద" అంది తెలుగులో. మామయ్య ఎడమ చేత్తో నాకు స్టూలు చూపించాడు.

నేను కూర్చున్నాను. వాళ్ళు నా కోసం మారడం నాకు బాగుంది. ఆరో రోజూ, ఏడో రోజూ మామూలుకన్నా ఎక్కువసేపే కూర్చున్నాను. తెలుగు మిగిలితే మామయ్య నాతో మాట్లాడతాడన్న ఆలోచన కూడా వచ్చింది. అది వచ్చిందని ఒప్పుకోకపోతే ఈ కథ రాయడం దండగ.

లెక్క వచ్చింది. నూటికి ఎనభై నాలుగు పాళ్ళు తెలుగు. తస్నీమ్ మేడమ్ ఫారం చూసి, "మీ ఇంట్ల మరాఠీ అన్నవ్ గద చందనా?" అని అడిగింది.

"ఉంటది మేడమ్. కానీ తెలుగే ఎక్కువ" అన్నాను. ఏ భాష పోతుందో అత్తమ్మ గానీ ముకుంద్ గానీ అడగలేదు, నేనూ విడమరిచి చెప్పలేదు.

*

పంతొమ్మిదో రోజు టోపీ తీస్తుండగా మామయ్య నా వైపు తిరిగాడు. పొద్దున తాగిన చాయ్ గురించి, నిదానంగా, స్పష్టంగా అన్నాడు: "చాయ్‌ల చక్కెర జర ఎక్కువైందమ్మా."

నేను కెవ్వుమన్నాను. ల్యాబ్ అంతా పరుగెత్తుకొచ్చింది. ఇంటికి వెళ్ళేసరికి వీధి మొత్తానికి తెలిసిపోయింది. ముకుంద్ రెండు కిలోల జిలేబీ తెచ్చాడు. అత్తమ్మ వేడివేడి జిలేబీ నా నోట్లో కుక్కి, పాకం వేళ్ళతోనే నా బుగ్గలు నొక్కింది. "నా బంగారు బిడ్డ! నా ఇంటి లక్ష్మి!" అంది. నేను జిలేబీతో పాటు ఆ మాటనూ నమిలి మింగాను.

వచ్చినవాళ్ళు వెళ్ళిపోయాక ఆమె మామయ్య ఎదురుగా స్టూలు లాక్కుని కూర్చుంది. ఎన్ని రోజుల మాటలు దాచిందో, అన్నీ ఒక్కసారి మరాఠీలో మొదలుపెట్టింది.

మామయ్య మర్యాదగా చిరునవ్వు నవ్వాడు. కొంచెం ముందుకు వంగాడు.

"చెప్పండమ్మా. ఏం కుట్టాలె?"

అత్తమ్మ నవ్వింది. వేళాకోళం అనుకుంది. మళ్ళీ చెప్పింది. ఆయన నా వైపు చూశాడు. "ఏమంటున్నరమ్మా ఆమె?"

ఆయనకు ఆమె ఎవరో తెలుసు. పేరు తెలుసు, పెళ్ళయిన సంవత్సరం తెలుసు. ఎవరైనా అడిగితే "మా ఇంటామె" అని చెప్పేవాడు. మతిమరుపు ఏమీ లేదు. కానీ ఆయన తెలుగు మొత్తం ఆ బల్ల దగ్గర తయారైంది. అందులో కొలతలున్నాయి, పండగలోపు ఇస్తానన్న హామీలున్నాయి, మర్యాద ఉంది. భార్య మీద విసుక్కోవడం, కొడుకును ఆటపట్టించడం, నడుం నొప్పని మూలగడం అందులో లేవు. అవన్నీ మేం నిద్రపుచ్చిన దారిలో ఉన్నాయి. నాకు స్టూలు జరిపినప్పుడల్లా వినిపించిన ఆ మెత్తటి గొంతు గిరాకీతో మాట్లాడే గొంతని నాకు అప్పుడు అర్థమైంది.

అత్తమ్మ తెలుగులో ప్రయత్నించింది. నాలుగు రోజులు పట్టుదలగా ప్రయత్నించింది. ఐదో రోజు మధ్యాహ్నం నా పక్కకొచ్చి కూర్చుని చేటలో బియ్యం ఏరుతూ అంది:

"పొద్దుగాల పప్పుల ఉప్పు వెయ్యలే. కావాల్నని వెయ్యలే. 'మంచిగుందమ్మా' అని తిని లేచిండు. నలభై ఏండ్లల్ల ఒక్కనాడన్న తిన్నడా అట్ల? గిన్నె ఇసిరి కొట్టెటోడు. నేను గూడ ఇసిరెదాన్ని అనుకో."

"అత్తమ్మా..."

"నిన్నేమంటలేను బిడ్డా. నీ చెయ్యి మంచిది, మాట తెచ్చినవ్. మిగిలింది నా నసీబు."

ఆమె తిడితే బాగుండేది. నేనూ ఆ చేటలో రాళ్ళు ఏరుతూ కూర్చున్నాను.

మాట వచ్చిన రోజు నుంచి నలభై రోజుల్లోపు మొదలుపెడితే, నిద్రపోయిన దారిని మళ్ళీ లేపవచ్చు. ఆ తరువాత అది పూర్తిగా ఆరిపోతుంది. ఇదీ నాకు తెలుసు. చెప్పకుండా పన్నెండు రోజులు గడిపాను.

పదమూడో రోజు ముకుంద్‌కు సెలవు దొరికింది. మామయ్య జబ్బుతో ఆగిపోయిన మా షికారు ఇప్పుడైనా వెళ్దామని అనంతగిరి కొండలకు బండి మీద తీసుకెళ్ళాడు. దారిలో కాల్చిన మొక్కజొన్న కొనిపెట్టాడు. నిమ్మచెక్క, ఉప్పు, కారం. సంతోషించాల్సినంతగా సంతోషించలేకపోయాను. ముకుంద్ ఇంటికి ఫోన్ చేసి స్పీకర్ పెట్టాడు. మామయ్య ఎత్తాడు.

"నమస్తే సార్, చెప్పండి సార్."

"నాన్నా, నేను, ముకుంద్‌ను!"

"ఆఁ, ముకుంద్. మంచిగున్నరా? తిన్నరా?"

ముకుంద్ నవ్వాడు. నవ్వు సగంలో ఆగింది. ఫోన్ పెట్టేసి కొండవైపు తిరిగాడు. "నన్ను సార్ అంటున్నడు చందనా. చిన్నప్పుడు ఫెయిలైతే టేపుతోని కొట్టిండు. గిప్పుడు సార్ అంటున్నడు."

నేను చెప్పేశాను. ఐదో రోజు గోడ, పొంగిన చాయ్, ఎనభై నాలుగు, గీత గీసిన 'లేరు', అన్నీ.

"ఐదో రోజే తెలుసా నీకు?"

"తెలుసు."

అతను మొక్కజొన్న కంకిని రోడ్డు పక్క పిట్టగోడ మీద పెట్టాడు. "నువ్వొస్తే మేం మారుతుంటిమి. మర్యాద అనుకున్నం. మా తప్పు గూడ ఉంది." నా వైపు తిరిగి అన్నాడు: "కానీ మాకు లెక్క తెల్వదు. నీకు తెలుసు."

తిరుగు దారిలో నేను అతని నడుం పట్టుకోలేదు. వెనకాల ఇనుప కమ్మీ పట్టుకుని కూర్చున్నాను.

*

తస్నీమ్ మేడమ్ అంతా విన్నది. ఫారం తీసి ఆ గీతను గోటితో తాకింది. "ఎంత ధీమా చూడు" అంది. అరవలేదు. పన్నెండో మనిషి ఫలితాన్ని అప్పుడే కొట్టేసింది. నన్ను ఆ పనిలోంచి తప్పించింది. ఉద్యోగం సంగతి కమిటీ చూసుకుంటుందని చెప్పింది.

"మళ్ళీ లేపొచ్చు గద మేడమ్?"

"లేపొచ్చు. కానీ కండక్టర్ ఇంక లేవలే. రెండూ లేపితే మళ్ళ తలుపుల ఇరుక్కుంటయ్. అది లేవాలంటే ఇది పండాలె. తెలుగు మొత్తం పోతది. దానికి ఒప్పుకోవాల్సింది నువ్వు గాదు, మీ అత్తమ్మ గాదు. ఆయన."

మరునాడు అందరం ల్యాబులో కూర్చున్నాం. ముకుంద్ అప్పటికే వాళ్ళమ్మకు అంతా చెప్పాడు. ఆమె నా వైపు చూడలేదు. తస్నీమ్ మేడమ్ మామయ్యకు మెల్లగా వివరించింది. మరాఠీ వస్తుంది, తెలుగు పోతుంది, ఇది మీ ఇష్టం.

మామయ్య అత్తమ్మ వైపు తిరిగి చేతులు జోడించినట్టు పెట్టాడు. "మీరెట్ల చెప్తే అట్లనేనమ్మా."

"అన్నడు గద! రాసుకోండ్రి!" అంది అత్తమ్మ, కుర్చీలోంచి సగం లేచి.

తస్నీమ్ మేడమ్ కలం తీసింది.

ఆ మాట ఆయన ఎవరితో అంటాడో నాకు తెలుసు. చేతి పొడవు మార్చమన్న గిరాకీతో అంటాడు, మెడ దించమన్నవాళ్ళతో అంటాడు, మళ్ళీ ఎత్తమన్నవాళ్ళతోనూ అంటాడు. నేను ఊరుకుంటే చాలు, నా తప్పు సర్దుకుపోతుంది. మొదటిసారి కూడా నేను ఊరుకునే చేశాను.

"మేడమ్, ఆ మాట ఆయన అందరితోని అంటడు. అది ఒప్పుకోవడం గాదు" అన్నాను.

కలం ఆగింది. అత్తమ్మ అప్పుడు చూసింది నా వైపు.

"ఒకపాలి నోరు మూసుకొని నా ఇల్లు ముంచినవ్. ఇప్పుడు నోరు తెరిచి ముంచుతున్నవా?"

మామయ్య మాత్రం, "గొడవెందుకమ్మా, నేను సర్దుతా" అన్నాడు.

*

ఆ తరువాత ఇంట్లో నాతో అవసరమైన మాటలే మాట్లాడేవారు. అవీ తెలుగులోనే. తలుపు దగ్గర నేను కనిపించగానే భాష మారే ఆ చప్పుడు, ఒకప్పుడు నాకు జోలపాటలా ఉండేది. ఇప్పుడు చెంప మీద పడుతోంది.

మాట వచ్చిన ఇరవై ఆరో రోజున పాత గిరాకీ ఒకామె పెళ్ళికూతురి రవిక గుడ్డ తెచ్చింది. వంగపండు రంగు పట్టు. మామయ్య కుడి చేతికి అప్పటికి బలం వచ్చింది. జబ్బు పడ్డాక చేపట్టిన మొదటి గుడ్డ అదే. పరిచాడు, సుద్దతో గీతలు గీశాడు, కత్తెర అంచుకు ఆనించాడు.

అక్కడే ఆగిపోయాడు.

చెయ్యి వణకడం లేదు. పట్టు బాగానే ఉంది. కానీ కత్తెర ముందుకు వెళ్ళడం లేదు. తన చెయ్యి వైపు తానే వింతగా చూస్తున్నాడు.

అత్తమ్మ చేతిలోంచి సూది జారిపోయింది. ఆమె లేచి గుడ్డ మీద గీతలు ఒకసారి చూసి, "హఁ, కాప్" అంది.

ఊఁ, కత్తిరించు అని. ముకుంద్ తరువాత నాకు చెప్పాడు. పెళ్ళయిన కొత్తలో ఆయన ఎవరిదో పెళ్ళి గుడ్డ తప్పు కోశాడట. అప్పటి నుంచి ఏ గుడ్డయినా సరే, కత్తెర ఆనించి ఆగుతాడు. ఆమె గీతలు చూసి ఆ మాట అంటే గానీ కోయడు. గిరాకీ ముందు ఆమె పైకి అనదు, ఆయనకు మాత్రం వినపడేలా గొణుగుతుంది. అందుకే నేనెప్పుడూ గమనించలేదు.

"హఁ, కాప్" అంది ఆమె మళ్ళీ, గట్టిగా. ఆయన మర్యాదగా తల ఊపాడు. కత్తెర కదల్లేదు. ఆమె తెలుగులో అంది: "కొయ్యి. మంచిగనే ఉంది, కొయ్యి."

"కోస్తానమ్మా" అన్నాడు ఆయన. కోయలేకపోయాడు.

అరగంట గడిచింది. గిరాకీ ఆమె రేపొస్తానని వెళ్ళిపోయింది. మామయ్య కత్తెర పట్టుకునే నా వైపు తిరిగాడు.

"అమ్మా, ఈ చెయ్యి ఎవరి కోసమో ఆగింది. ఎవరో ఏదో అనాలె. మీకేమన్న ఎరుకనా?"

"అత్తమ్మే అనాలె. అన్నది గూడ. కానీ అది మీ ఇంటి మాట. మీకిప్పుడు ఎక్కదు."

ఆయన అత్తమ్మను చాలాసేపు చూశాడు. గిరాకీని ఎవరూ అలా చూడరు. అప్పుడు, నాకు తెలిసి మొదటిసారి, 'మీరెట్ల చెప్తే' అనకుండా మాట్లాడాడు.

"నాకది గావాలె."

"ఇదంతా పోతది మరి" అన్నాను. "ఈ మాటలు, ఈ గిరాకీ, రేడియో... నాతో మాట్లాడుడు."

ఆయన కత్తెర బల్ల మీద పెట్టాడు. "పోతే పోనీయండి."

తస్నీమ్ మేడమ్‌ను ఇంటికే పిలిపించాం. ఆమె మూడు రకాలుగా అడిగింది. మూడుసార్లూ ఆయన అదే మాట అన్నాడు.

*

ఇరవై ఎనిమిదో రోజున టోపీ మళ్ళీ పెట్టారు. నన్ను లోపలికి రానివ్వలేదు, నేను బయట బెంచీ మీద కూర్చునేదాన్ని.

జరిగింది ఆయనొక్కడికే తెలియదు. అందరికీ చెప్పాను, ఆయనకు చెప్పలేదు. ల్యాబులో అందరం కూర్చున్నప్పుడు కూడా తస్నీమ్ మేడమ్ 'మా లెక్క తప్పింది' అనే అంది. రేపు చెప్తాను, రేపు చెప్తాను అనుకుంటూ ఐదు రోజులు పోనిచ్చాను. ఆరో రోజు ఆయన చొక్కా గుండీని చూపిస్తూ, "ఇది... ఇది... ఏమంటరమ్మా దీన్ని?" అన్నాడు. నలభై ఏళ్ళు దర్జీ పని చేసిన మనిషికి గుండీ అన్న మాట పోయింది. నాకు భయం పట్టుకుంది. నేను చెప్పేది అర్థమయ్యే భాష రోజురోజుకూ ఆయనలో మునిగిపోతోంది.

అక్కడే బెంచీ మీద, చిన్న చిన్న మాటల్లో చెప్పాను. "మామయ్యా, మీ ఇంటి మాట పోయింది నా వల్లనే. మీరిద్దరు మాట్లాడుకునేది నేను విన్న. విని గూడ చెప్పలే. తప్పు రాసిన. మీరు నాతోని మాట్లాడాలని రాసిన."

ఆయన శ్రద్ధగా విన్నాడు. ఎంతవరకు ఎక్కిందో తెలియదు. చివర చిరునవ్వు నవ్వాడు.

"పరవాలేదమ్మా. సర్దేస్తా."

కొలతలు తప్పు ఇచ్చిన వాళ్ళందరికీ ఆయన చెప్పే మాట అది. నా తప్పునూ ఆ వరుసలోనే మడత పెట్టి పక్కన పెట్టాడు. నన్ను క్షమించారని ఎవరితోనూ చెప్పుకోలేని క్షమ అది.

రెండోసారి టోపీ పెట్టిన పదహారో రోజుకు మరాఠీ వచ్చింది. ఇరవై ఒకటో రోజుకు తెలుగు పూర్తిగా వెళ్ళిపోయింది.

ఇప్పుడు ఇంటి నిండా గోల. మామయ్య పప్పు గిన్నె జరిపేస్తాడు, అత్తమ్మ గరిట చూపిస్తుంది, ముకుంద్‌కు రోజూ ఏదో ఒకదానికి అక్షింతలు పడతాయి. నేను గదిలోకి వెళ్ళినా ఎవరూ భాష మార్చరు. మారిస్తే ఆయన మాటల్లోంచి బయట పడిపోతాడు. పెళ్ళికూతురి రవిక ఆలస్యంగానైనా పూర్తయింది.

దుకాణానికి గిరాకీ సగమే వస్తోంది. ముప్పై ఏళ్ళుగా వస్తున్న ఒకామె "నామదేవన్నా, నేను, యాదమ్మను" అని నాలుగుసార్లు చెప్పి, ఆయన ముఖంలో ఏమీ కదలకపోయేసరికి గుడ్డ సంచీ గుండెకు హత్తుకుని ఏడ్చింది. ఆమెకు నీళ్ళిచ్చింది నేను. వీధిలో తెలుగు వినపడినప్పుడు మామయ్య తల తిప్పుకుంటాడు. రేడియో తీసి అటక మీద పెట్టేశాడు. ఒకదాన్ని తెచ్చిపెట్టడానికి ఇంకోదాన్ని తీసేశాను. రెండు తీసివేతలూ నావే.

కమిటీ నన్ను ఏడాది పక్కన పెట్టింది. ఇప్పుడు నేను బల్ల దగ్గర కూర్చుని గిరాకీ చెప్పింది రాసుకుంటాను. అత్తమ్మ దాన్ని ఆయనకు చెబుతుంది. పొద్దున కూరగాయలు తరిగేటప్పుడు ఆమె నాకు మరాఠీ నేర్పుతోంది. ప్రేమతో నేర్పుతోందో, తెలుగులో నాతో మాట్లాడటం ఇష్టం లేక నేర్పుతోందో అడగలేదు. ముప్పై దాకా అంకెలు వచ్చాయి. కత్తిపీట, ఉప్పు, ఆగు, తొందరగా, అటు కాదు.

పోయిన ఆదివారం మధ్యాహ్నం అన్నాలయ్యాక నేను ప్లేట్లు తీస్తుంటే మామయ్య నా మోచేయి దగ్గర చెయ్యి పెట్టి ఆపాడు. రవిక చేతికి కుట్టు ఊడిపోయి దారం వేలాడుతోంది. హనుమకొండలో కుట్టించిన పెళ్ళి రవిక. ఆయన దారాన్ని పళ్ళతో కాదు, కత్తెరతో తెంపాడు. తెంపి, నా ముఖంలోకి చూస్తూ ఒక వాక్యం అన్నాడు. మెత్తగా అనలేదు. ముందు నెమ్మదిగా మొదలై, చివరికి గట్టిగా తేలింది. మధ్యలో 'చందన' అని వినిపించింది. తెలుగు ఉన్నన్ని రోజులూ ఆయన నన్ను అందరినీ పిలిచినట్టే 'అమ్మా' అని పిలిచాడు. నా పేరు ఆయన నోట వినడం అదే మొదటిసారి.

అత్తమ్మ సూది ఆపి ఆయన వైపు చూసింది. తరువాత నా వైపు చూసింది. ముకుంద్ చెవులు ఎర్రబడ్డాయి.

"నాన్న ఏమంటున్నడంటే..."

"వద్దు" అన్నాను. "నాకు నేనే తెలుసుకుంటా."

వంటింట్లోకి వెళ్ళి, విన్నది విన్నట్టు తెలుగు అక్షరాల్లో నోటుబుక్కు వెనక పేజీలో రాసుకున్నాను. నా పేరు కాక పన్నెండు మాటలు. ఈ వారంలో నాలుగింటికి అర్థం తెలిసింది. ఆ నాలుగూ మంచివేమీ కావు.

ఇంకా ఎనిమిదున్నాయి.